సాయంత్రం బడి చెప్పే బిడ్డకు రేటెంత?

పోయిన నెల మన యూనియన్ ఆఫీసులో కార్యవర్గ సమావేశం జరుగుతుండగా ఒక అమ్మాయి లోపలికి వచ్చి, చేతిలోని నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. ఆమె సభ్యులందరికీ తెలిసిన మనిషే. కాటా దగ్గర పనిచేసే మన సభ్యుని కూతురు. డి.ఎడ్. పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, మూడేళ్ళుగా మన ఆఫీసు ముందు గదిలో సాయంత్రం పూట మన పిల్లలకు చదువు, ఆట, పాట నేర్పుతున్నది. ఆ పుస్తకంలో ఒక నెల లెక్క ఉంది. క్లాసు రెండు గంటలు. గల్లీ గల్లీ తిరిగి పిల్లలను పోగుచేయడం అరగంట. అట్టముక్కల మీద అంకెలు, అక్షరాలు రాసుకుని మరునాటికి తయారుకావడం గంట. రాని పిల్లల ఇళ్ళకు పోయి అడిగి రావడం అరగంట. రోజుకు నాలుగు గంటలు, నెలకు 26 రోజులు, మొత్తం 104 గంటలు. మన యూనియన్ ఆమెకు ఇచ్చేది నెలకు 1500 రూపాయలు. గంటకు 14 రూపాయల 42 పైసలు.

"కాకా, మిల్లుల ఎవరికన్న గంటకు పద్నాలుగు రూపాయలిస్తే మీరు ఊకుంటరా?" అని అడిగింది.

ఎవరమూ జవాబు చెప్పలేదు. కాసేపటికి ఒకరు, "అది కూలి కాదు బిడ్డా, సేవ" అన్నారు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇక్కడ రాయకుండా వదిలేసేవాళ్ళం. అన్నది మేమే.

అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

మన పిల్లలకు సాయంత్రం బడి ఎందుకు కావలసి వచ్చిందో ముందు చూడాలి. సిరొంచ తాలూకా ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఉన్నది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుండి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు కాని, జిల్లా కేంద్రానికి పోవాలంటే ఈనాటికీ ఒక రోజు పనే. నది దాటితే కాళేశ్వరం, తెలంగాణ. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగు, జాతరలో తెలుగు. బడిలో మాత్రం మరాఠీ. మేము మరాఠీకి వ్యతిరేకులం కాము. ఈ రాష్ట్రంలో ఉద్యోగానికైనా, రేషను కార్డుకైనా ఆ భాష రావాలి. కాని ఆరేళ్ళ పిల్లవాడు మొదటి రోజు బడికి పోతే, గురువుగారి మాట వాడికి సగం అర్థమైతే గొప్ప.

అంకెల సంగతే తీసుకోండి. తెలుగులో ఇరవై అయిదు అంటే ముందు ఇరవై, తరువాత అయిదు. పలికిన వరుసలోనే రాస్తాము. మరాఠీలో 'పంచవీస్'. అయిదు ముందు వినపడుతుంది, ఇరవై తరువాత. విన్న వరుసలో రాసిన పిల్లవాడు 52 వేస్తాడు. ఇక 29ని 'ఏకోణతీస్' అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. వాడి చెవికి ముప్పై వినిపిస్తుంది, 31 రాస్తాడు. లెక్క రాక కాదు. ఇంట్లో మిరపకాయ బస్తాలు వాడే లెక్కపెడతాడు. మేము చిన్నప్పుడు ఇదే తప్పుకు చేతి వేళ్ళ మీద బెత్తం దెబ్బలు తిన్నాము. మొద్దు అన్నారు, మొద్దులమే అనుకున్నాము.

ఇది సిరొంచ పిల్లల గోడు మాత్రమే కాదు. 2019లో బాలభారతి వారి రెండో తరగతి గణితం పుస్తకంలో 'పంచవీస్'తో పాటు 'వీస్ పాచ్' అని, అంటే ఇరవై అయిదు అని, మన తెలుగు వరుసలోనే చదివే పద్ధతి పెట్టారు. గణితం కమిటీకి అధ్యక్షురాలు మంగళా నార్లీకర్. పెద్ద గొడవ జరిగింది. మరాఠీని పాడుచేస్తున్నారని పత్రికల్లో రాశారు, శాసనసభ దాకా పోయింది. మరాఠీ ఇంట పుట్టిన పిల్లలకే అది కష్టమని ఒక గణిత పండితురాలు అన్నప్పుడు, తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడి మాట ఏమిటి?

మన అమ్మాయి చేసే పని అక్కడే ఉన్నది. 'బేరీజ్' అంటే కూడిక అని ఎట్లా చెబుతుందో ఒకరోజు కూర్చుని చూశాము. "మీ నాయిన సంతకు పోయేముందు ఖర్చు బేరీజు వేస్తడా లేదా? గదే ఇది" అన్నది. పిల్లలందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. 'వజాబాకీ' అంటే తీసివేత. అందులో 'బాకీ' మాట ఏ మిల్లు కార్మికుని పిల్లలకు తెలియదు! ఈ కిటుకు ఏ శిక్షణా తరగతిలోనూ చెప్పరు. రెండు భాషల్లో పుట్టి పెరిగిన మనిషికే వస్తుంది. చదువు అయ్యాక అరగంట ఖోఖో. ఆ అరగంట కోసమే సగం మంది వస్తారని ఆమే ఒప్పుకుంటుంది.

మిరప ఏరే రోజుల్లో తల్లులు నది అవతలికి కూలికి పోతారు. కొందరు పిల్లలను వెంట తీసుకుపోతారు, కొందరు ముసలమ్మ దగ్గర వదిలి పోతారు. ఆ రెండు మూడు నెలలు ఆ గదిలో సాయంత్రం దీపం వెలగకపోతే ఎంతమంది తిరిగి బడి ముఖం చూస్తారో సభ్యులే ఆలోచించుకోవాలి.

ఇంత పనికి సేవ అని పేరు పెట్టి తక్కువ ఇవ్వడం మనమొక్కరమే చేస్తున్నది కాదు. బొంబాయి, వడోదర మునిసిపల్ బడుల్లో 'ప్రథమ్' సంస్థ 'బాల్‌సఖి' అనే పద్ధతి నడిపింది. ఆ వాడలోనే పుట్టిన, హైస్కూలు చదివిన అమ్మాయికి రెండు వారాల శిక్షణ ఇచ్చి, వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు అప్పగించేవారు. 2001 నుండి 2003 వరకు దాన్ని పరిశీలించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, ఇంకా ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లో ఫలితాలు అచ్చువేశారు. పిల్లల మార్కులు నిజంగానే పెరిగాయి. బెనర్జీకి, డుఫ్లోకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతోషమే. అయితే ఆ పద్ధతిని అందరూ మెచ్చుకున్న కారణాల్లో ఒకటి, అది చాలా చౌక అని. బాల్‌సఖికి ఇచ్చింది నెలకు 500 నుండి 750 రూపాయలు. చౌక అనేది ఆకాశం నుండి ఊడిపడదు. ఎవరో ఒకరి జీతంలో నుండి వస్తుంది. అది గమనించడానికి మనకు నోబెల్ బహుమతి అక్కరలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచరు 'కార్మికుడు' కాడని తీర్పు ఇచ్చింది. పాఠం చెప్పడం చేతిపని కాదు, గుమాస్తా పని కాదు, సాంకేతిక పని కాదు, కాబట్టి ఆ నిర్వచనంలోకి రాదు అన్నది. గ్రాట్యుటీ కోసం టీచర్లు కోర్టుల చుట్టూ తిరిగితే, 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుండి వర్తింపజేశారు. అంగన్‌వాడీ అక్కలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న గాని అనలేదు. వారికి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అని అన్నాళ్ళూ వాదించారు. విద్యా హక్కు చట్టంలోనూ చిత్రకళ, వ్యాయామం, చేతిపని నేర్పేవారి పేరు 'పార్ట్ టైమ్' శిక్షకులు. ఆరు నుండి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న బడికే వారు. అదే చట్టంలోని 28వ సెక్షన్ బడి టీచరు ట్యూషన్ చెప్పరాదు అన్నది. మంచిదే. కాని ఆ సాయంత్రం పని అంతా ఉద్యోగం లేని యువతీ యువకుల నెత్తిన పడింది. వారి గురించి ఏ సెక్షనూ మాట్లాడలేదు.

గౌరవ వేతనం అనే మాట మన యజమానులకు తెలియక ఊరుకున్నారు గాని, తెలిస్తే మన హమాలీలకూ అదే ఇచ్చేవారు.

డబ్బు ఎక్కడిది అని కోశాధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్న. పిల్లవాడికి ఇంత అని ఫీజు పెడితే మొదట మానేసేది మిరపకు పోయే ఇళ్ళ పిల్లలే. దానికి మేము ఒప్పుకోము. మహారాష్ట్రలో 1953 చట్టం కింద కార్మిక సంక్షేమ నిధి ఉన్నది. జూన్‌లో, డిసెంబరులో కార్మికుని జీతంలో కొంత కోసి, యజమాని వాటా కలిపి జమచేస్తారు. కార్మికుల పిల్లలకు ఆ నిధి నుండి ఇటువంటి కేంద్రం అడగడం బిచ్చం కాదు. 1911లో ఎన్.ఎం. జోషి బొంబాయిలో సోషల్ సర్వీస్ లీగ్ పెట్టి మిల్లు కార్మికులకు రాత్రి బడులు నడిపారు. ఆయనే తరువాత ఏఐటియుసి స్థాపించినవారిలో ఒకరు. బడి, యూనియన్ ఒకే మనిషి చేతి మీదుగా నడిచిన చరిత్ర మనది. ఆ నిధికి రాయవలసిన దరఖాస్తు తయారైంది.

అది వచ్చేదాకా కార్యవర్గం ఒక నిర్ణయం చేసింది. మిల్లులో అందరికంటే తక్కువ కూలి వచ్చే సహాయకునికి గంటకు ఎంత పడుతుందో, ఈ నెల నుండి ఆమెకు ఆ లెక్కన నాలుగు గంటలకూ ఇవ్వాలి. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. క్లాసు రెండు గంటలకే ఇవ్వాలన్నారు. గల్లీలు తిరగడం పని కాదట! బస్తా ఎత్తక ముందు లారీ కోసం కూర్చున్న గంటలకు కూలి కావాలని 1990లలో మనం ధర్నా చేసినప్పుడు యజమాని అన్న మాట కూడా ఇదే.

మూడేళ్ళ పాత బాకీ గురించి ఆమె అడగలేదు. మేము అడుగుతున్నాము. అది వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతాము. నోటుపుస్తకం బీరువాలో దాచలేదు, బల్ల మీదనే ఉన్నది. సభ్యులు వచ్చి లెక్క సరిచూసుకోవచ్చు. అయిదున్నర తరువాత వచ్చేవారు మాత్రం చెప్పులు బయట విడిచి, పిల్లల వెనక కూర్చోవాలి.