వేగసాధన

మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఒక అపూర్వమైన రథప్రయాణం ఉంది. బాహుకుడనే పేరుతో అజ్ఞాతంగా ఉన్న నలుడు, ఋతుపర్ణ మహారాజును ఒక్క పగటిలో అయోధ్య నుండి విదర్భకు చేర్చవలసి వచ్చింది. అందుకు అతడు ఎంచుకున్నవి చూపులకు బక్కచిక్కిన గుర్రాలు. రాజు సందేహించాడు. రథం కదిలిన తరువాత రాజు ఉత్తరీయం జారిపడింది. ఆపమని అనేసరికే అది యోజనం దూరాన ఉండిపోయింది. ఆ వేగానికి మూలం కొరడా కాదు, గుర్రం మనసెరిగిన విద్య. దానినే అశ్వహృదయం అన్నారు. వేగం సాహసం మాత్రమే కాదనీ, అది నేర్చుకొనదగిన విద్య అనీ ఈ కథ చెబుతుంది.

ఆ గుర్రం స్థానాన్ని నేడు మోటారుసైకిలు ఆక్రమించింది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో చదువుకునే యువకులలో అనేకులకు దానిపై మక్కువ ఎక్కువ. ఆ మక్కువ దోషం కాదు. కాని కాలువగట్ల వెంబడి సాగే రోడ్లపై మిత్రులతో పందెం వేసుకొని దూసుకుపోవడమే ఘనత అనుకోవడం మాత్రం దోషమే. ఆ దారి ధాన్యం బస్తాల ట్రాక్టరుది, పాలక్యానుల సైకిలుది, మేత నుండి ఇల్లు చేరే గేదెలది, బడి విడిచిన పిల్లలది. అక్కడ గెలిచినవాని వేగమెంతో కొలిచే గడియారం ఉండదు. ఓడినవాడు చెల్లించే మూల్యానికి అంతు ఉండదు.

వేగకాంక్షను క్రమశిక్షణగా మలచిన క్రీడ ప్రపంచంలో ఒకటి ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బాన్‌విల్ ఉప్పుమైదానం దానికి ప్రసిద్ధ క్షేత్రం. బాపట్ల జిల్లా చినగంజాం ఉప్పుమడులను చూసినవారికి ఆ నేల స్వభావం సులభంగా బోధపడుతుంది. చలికాలంలో నిలిచిన నీరు వేసవిలో ఆవిరైపోగా, బల్లపరుపుగా గట్టిపడిన తెల్లని ఉప్పుపొర అది. 1937లో ఏర్పడిన దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1949లో అక్కడ వేగవారోత్సవాలను ప్రారంభించింది. ఈ క్రీడలో పక్కన ప్రత్యర్థి ఉండడు. చోదకుడు ఒంటరిగా బయలుదేరి, కొలిచి గుర్తించిన దూరాన్ని దాటుతాడు. గడియారం అతని సగటు వేగాన్ని చెబుతుంది. పాల్గొనేవారిలో అధికులు వేరే వృత్తితో జీవిస్తూ సొంత సొమ్ము వెచ్చించే ఔత్సాహికులే.

ఇందులో తొలి అడుగు వేసేవాడు ముందుగా పరీక్షకు నిలవాలి. నిపుణులు వాహనాన్ని అణువణువూ తనిఖీ చేస్తారు. తోలు దుస్తులు, ముఖమంతా కప్పే హెల్మెట్, చేతితొడుగులు, బూట్లు తప్పనిసరి. చోదకుడు పడిపోతే ఇంజను తానే ఆగిపోయేట్లు, అతనిని స్విచ్చికి ఒక తాడుతో కలుపుతారు. లైసెన్సు సైతం మెట్లు మెట్లుగానే లభిస్తుంది. ఒక మెట్టు వేగాన్ని నిరూపించనిదే పై మెట్టుకు అనుమతి లేదు. ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులు ఉన్నందున 50 సీసీ బండికి కూడా దాని రికార్డు దానికుంటుంది. ఒక్క పరుగుతో రికార్డు దక్కదు, రెండవ పరుగులోనూ నిరూపించుకోవాలి. వర్షాల వల్ల 2014, 2015, 2022 సంవత్సరాలలో ఆ వారోత్సవాలు రద్దయ్యాయి. ఏడాది పొడవునా సిద్ధపడినవారు మరో ఏడాది వేచి ఉన్నారు. ఓర్పు ఈ క్రీడలో మొదటి పాఠం.

న్యూజిలాండు దేశస్థుడైన బర్ట్ మన్రో ఆ ఓర్పుకు నిదర్శనం. అతని వద్ద ఉన్నది 1920 నాటి ‘ఇండియన్ స్కౌట్’ అనే అమెరికా బండి. కొత్తలో దాని గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లకు లోపే. మన్రో తన షెడ్డులో పాతడబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోసుకున్నాడు. దశాబ్దాల తరబడి విరిగినదాన్ని సరిచేసుకుంటూ 1967లో, తన 68వ ఏట, బాన్‌విల్‌లో గంటకు 295 కిలోమీటర్లకు పైగా వేగం సాధించాడు. బక్కగుర్రాలను ఎంచుకున్న బాహుకుని విద్య ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

ఈ విద్యకు పునాది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని జయించడానికి ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి. గతిజశక్తి కూడా నాలుగు రెట్లు కావడం వల్ల బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుంది. ఈ లెక్క తెలిసినవాడు గేదె అడ్డురాగల దారిలో పందేనికి దిగడు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. గేరు ఉన్న మోటారుసైకిలు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశాలలో వేగపు పోటీలు జరపడం శిక్షార్హమైన నేరం. అయితే నిషేధం ఒక్కటే యౌవనోత్సాహాన్ని అణచలేదు. దానికి తగిన క్షేత్రం చూపాలి. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో పోటీల కోసమే నిర్మించిన మార్గం ఉంది. తెనాలి, బాపట్లల మీదుగా సాగే రైలుమార్గం చెన్నైకి చేరుస్తుంది. కాని అంత వ్యయం అందరికీ సాధ్యం కాదు. ఈ ప్రాంతంలోనే 16వ నంబరు జాతీయ రహదారిపై, విమానాలు అత్యవసరంగా దిగడానికి 4.1 కిలోమీటర్ల మార్గం సిద్ధమైంది. అది రక్షణ అవసరాలకే చెందాలి. అయినా, సంకల్పముంటే వేగానికి తగిన నేలను ఏర్పరచవచ్చునని అది నిరూపిస్తున్నది. ఏడాదికి ఒకటి రెండు దినాలైనా తనిఖీతో, వైద్యసదుపాయంతో, నియమబద్ధంగా వేగపరీక్షలు నిర్వహించే స్థలాన్ని కల్పించడం ప్రభుత్వ బాధ్యత.

ఇట్టి అవకాశం యువతను మరింత దుడుకుతనానికి పురికొల్పుతుందని కొందరు భయపడవచ్చు. కాని గోదాలో కుస్తీ నేర్చినవాడు వీధి కొట్లాటకు వెనుదీస్తాడు. తన వేగాన్ని గడియారం ముందు నిరూపించుకోగలిగినవానికి నలుగురు చూసే బజారు అక్కరలేదు.

అంతవరకు యువకులు చేయవలసింది లేకపోలేదు. ఇంజను విప్పి బిగించే నేర్పు, లెక్క, ఓర్పు, ప్రాణంపట్ల గౌరవం అలవరచుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. యంత్రహృదయం ఎరిగినవాడే వేగానికి అర్హుడు. థ్రాటిల్ తిప్పడం అందులో చివరి పాఠం మాత్రమే.