క్లాసుకి ఏ తుపాకీ తేవాలి?

బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో సాయంత్రం పూట కాసేపు నిలబడండి, తెలుగు చెవిన పడకుండా ఉండదు. హిందూపురం నుంచి సరుకు కోసం వచ్చినవాళ్లు, పక్కన అక్కిపేటలో మందుల హోల్‌సేలుకి వచ్చిన మదనపల్లి వాళ్లు, లాడ్జి మెట్ల మీద బ్యాగులు పెట్టుకుని బస్సు టైము చూసుకునేవాళ్లు. ఆ సందడిలోనే మొన్న ఒక మాట జరిగింది. నగల కొట్టు పెట్టుకున్న మావాడొకడు, మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మామని పట్టుకున్నాడు. "మామా, రివాల్వర్ లైసెన్సుకి అప్లై చేస్తున్నా. ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలంట. నువ్వు కొంచెం నేర్పరాదా? మంచి కాస్ట్‌లీ పీసు ఒకటి కొంటా, దాంతోనే నేర్పుదువు."

మామది చిత్తూరు వైపు. తొందరపడి మాట్లాడే మనిషి కాడు. "కాస్ట్‌లీది వద్దప్పా. పేలనిది తెప్పించు. అది కూడా ఒకటి కాదు, నాలుగు" అన్నాడు.

నాకైతే ఈ విషయంలో ఇంతకంటే సరైన మాట లేదనిపించింది. ఎందుకో చెబుతా.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. 2016లో కొత్త ఆయుధాల నియమాలు వచ్చాయి. అప్పటినుంచి లైసెన్సు అడిగేవాడు తుపాకీ భద్రత మీద కోర్సు చేసి, ఎస్-1 అనే ఫారంలో సర్టిఫికెట్ తేవాలి. తుపాకీ పట్టుకోవడం, మోసుకెళ్లడం, కాల్చడం, శుభ్రం చేయడం, ఇంట్లో దాచడం, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ సర్టిఫికెట్ మామ రాసిచ్చేది కాదు, గుర్తింపు ఉన్న చోటే తీసుకోవాలి. కర్ణాటకలో చాలా జిల్లాల్లో పోలీసులే పౌరులకి బందూకు శిక్షణ ఇస్తుంటారు. మామ చేయగలిగిందల్లా అక్కడికి వెళ్లే ముందు చేతికి కాస్త అలవాటు చేయడం. నా మటుకు అసలు చదువు అక్కడే ఉంది. రేంజిలో కాల్చేది కొద్దిసేపు. ఇంట్లో తీసి, పెట్టి, తుడిచి, బీరువాలో దాచేది ఏళ్ల తరబడి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేదీ ఇంట్లోనే.

సినిమా నటుడు గోవిందా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబైలో ఇంట్లో లైసెన్సు రివాల్వర్‌ని బీరువాలో పెడుతుంటే చేయి జారింది. అది కింద పడి పేలి, గుండు కాలికి తగిలింది. అదే ఏడాది అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ కుర్రాడొకడు తన తుపాకీ తుడుచుకుంటుంటే పేలి ప్రాణమే పోయింది. ఒకరేమో సర్దిపెడుతున్నారు, ఇంకొకరు శుభ్రం చేస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ కాల్చాలనుకోలేదు.

అందుకే భద్రత క్లాసులో చేతికిచ్చే తుపాకీ గురి బాగా కుదిరేదా కాదా అన్న ప్రశ్నే రాకూడదు. బ్రాండు పేరు, మెరుగు, బరువు, ఇవేవీ అక్కర్లేదు. మీట ఎక్కడుంది, మ్యాగజైన్ ఎలా ఊడుతుంది, సిలిండర్ ఎటు తెరుచుకుంటుంది, ఇవి మాత్రం అసలుదానిలాగే ఉండాలి. అమెరికాలో పాఠం చెప్పేవాళ్లు చవక పిస్తోళ్లు, సెకండ్‌హ్యాండు రివాల్వర్లు కొని బల్ల మీద రకానికొకటి పరుస్తారు. క్లాసుకొచ్చేవాళ్ల ఇళ్లలో ఎవరి దగ్గర ఏ రకం ఉంటుందో తెలియదు, అన్నీ ఒక్కసారైనా చేతికి తగలాలని.

మన దగ్గర అది కుదరదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, అంతకుముందు మూడుండేవి. పైగా ఒకరి పేరు మీదున్న తుపాకీని ఇష్టమొచ్చినట్టు పదిమంది చేతుల్లో పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ధరలు సరేసరి. ఆడవాళ్ల కోసమని కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్లు నిడర్ అని పావు కిలో బరువులో చిన్నది చేశారు. దాని ధర అప్పట్లో 35 వేల దాకా. పాత విదేశీ రివాల్వర్ల సంగతి అడగొద్దు. 1980ల నడుమ నుంచి దిగుమతి ఆగిపోవడంతో తాతల కాలం నాటి వెబ్లీకి కూడా లక్షలు పలుకుతుంది. ఇంత పోసి కొన్నదాన్ని ఎవరైనా కొత్తవాడి చేతికిచ్చి వందసార్లు విప్పించి, మూయించి, కింద పడేసినా పర్లేదంటారా? అనరు. బల్ల మీద పెట్టి దూరం నుంచి చూపిస్తారు. చూసినందువల్ల చేతికి ఏమీ రాదు.

మామ నేర్పే పద్ధతి నేను దగ్గర కూర్చుని చూశాను. పిస్తోలు ఆకారంలో ఉన్న ఒక డమ్మీ. దాంట్లో డ్రిల్ రౌండ్లు, అంటే లోపల మందు లేకుండా, క్యాప్ చచ్చిపోయిన తూటాలు. మామ మ్యాగజైన్‌లో మూడు పెట్టి, స్లైడ్ ఒకసారి లాగి వదిలి, మావాడి చేతికిచ్చాడు. "ఖాళీ చేయి."

మావాడు ముందు స్లైడ్ లాగాడు. లోపలున్న తూటా ఎగిరి బల్ల మీద పడింది. "అయిపోయింది" అంటూ మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాడు.

"అయిపోయిందా? చూడు."

స్లైడ్ మళ్లీ లాగి చూస్తే చాంబర్‌లో ఇంకో తూటా కూర్చుని ఉంది. మొదటిది బయటికి పోతూ ఉండగానే మ్యాగజైన్ రెండోదాన్ని లోపలికి తోసేసింది. మ్యాగజైన్ ఊడింది కాబట్టి ఖాళీ అనుకున్నాడు మావాడు. చాలా పిస్తోళ్లు మ్యాగజైన్ లేకపోయినా ఆ ఒక్కటీ పేలుస్తాయి. వరుస తిరగబడితే ఇంట్లో జరిగేది ఇదే. ముందు మ్యాగజైన్, ఆ తర్వాతే స్లైడ్, ఆ తర్వాత కళ్లతో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. మామ ఆ పూట దీన్ని ఎన్నిసార్లు చేయించాడో లెక్క లేదు. కొన్నిసార్లు మావాడికి చెప్పకుండా లోపల ఒకటి దాచేవాడు. డమ్మీ కాబట్టే అలా దాచి పట్టుకోగలిగాడు. అసలు తుపాకీతో ఆ పాఠం చెప్పే ధైర్యం ఎవరు చేస్తారు?

రివాల్వర్‌కి పాఠం వేరు. సిలిండర్ తెరిచి, తూటాలు రాల్చి, ఒక్కో కన్నం వేలితో లెక్కపెట్టాలి. పాత రివాల్వర్లలో చాలావాటికి హ్యామర్‌ని అడ్డుకునే ఏర్పాటు లోపల ఉండదు. కింద పడి హ్యామర్‌కి దెబ్బ తగిలితే ఎదురుగా ఉన్న తూటా పేలుతుంది. అందుకే హ్యామర్ కింది గది ఖాళీగా ఉంచడం పాతకాలం వాళ్ల అలవాటు. మన దేశంలో ఇళ్లలో అలాంటి పాతవి ఇంకా ఉన్నాయి. క్లాసుకి ఎంచుకునే డమ్మీ కూడా ఆ పాత రకాన్ని పోలి ఉంటేనే మంచిది. కొత్త రకంతో నేర్చుకుని పాతదాన్ని వాడితే, ఉన్నదనుకున్న భద్రత అందులో ఉండదు.

ఇంకొక సంగతి, ఇది చాలామందికి తట్టదు. మన దగ్గర పౌరులకి దొరికే రివాల్వర్‌నీ, పిస్తోలునీ రెంటినీ ".32" అనే అంటారు. కానీ తూటాలు వేరు. రివాల్వర్‌ది పొడుగు, పిస్తోలుది పొట్టి. పొట్టిదాన్ని రివాల్వర్ గదిలోకి తోస్తే చాలాసార్లు పట్టినట్టే కూర్చుంటుంది, కానీ దానికోసం చేసింది కాదు. మామ రెండు డ్రిల్ రౌండ్లూ మావాడి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు. దీనికి పట్టే ఖర్చు ఎంత? ఎవరైనా భరించగలిగినంతే.

గాలి పిస్తోలు కూడా పనికొస్తుంది. .177 బోరు, 20 జూళ్లు దాటని శక్తి అయితే దానికి ఆయుధాల లైసెన్సు అక్కర్లేదు. అలాగని ఆటబొమ్మ అనుకోవద్దు, కంటికి తగిలితే కన్ను పోతుంది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా ఉండడం, కాల్చదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకుండా ఉండడం, ఈ రెండూ పిల్లలకైనా పెద్దలకైనా దీంతో మొదలుపెడితే సరిపోతుంది.

ఎన్‌సీసీ చేసినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. డ్రిల్లుకి ఇచ్చేది డీపీ రైఫిల్, అంటే పేలకుండా చేసిన పాత .303. "జాంచ్ శస్త్ర్" అనగానే బోల్టు తెరిచి ఖాళీ అని చూపించడం దాంతోనే నేర్చుకున్నారు. మిలిటరీవాళ్లే అలా నేర్పుతుంటే నగల కొట్టువాడికి మెరిసేది ఎందుకు?

అయితే జాగ్రత్త ఒకటుంది. పాత తుపాకీ కొని, ఇంట్లో ఆకురాయి పెట్టి ఫైరింగ్ పిన్ గీకేసి డమ్మీ చేశానంటే కుదరదు. విడిభాగాలు కూడా చట్టం లెక్కలో ఆయుధమే. డమ్మీగానే తయారైనదాన్ని బిల్లుతో కొనుక్కోండి, కొనే ముందు స్టేషన్‌లో ఒక మాట అడగండి. నారింజ రంగో నీలం రంగో ఉన్నది తీసుకోండి, నల్లగా అసలుదానిలా ఉన్నది వద్దు. కాటన్‌పేట లాంటి గుంపులో నల్లది బయటికి తీస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పాఠం జరిగే గదిలోకి అసలు తూటా ఒక్కటి కూడా రానివ్వకండి, జేబులో ఉన్నా సరే.

లైసెన్సుకి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. క్లాసులో చేరేటప్పుడు ఏ తుపాకీ ఉందని అడగొద్దు. "మనిషికొక డమ్మీ ఉందా, డ్రిల్ రౌండ్లు ఉన్నాయా, మా ఇంట్లో ఉండబోయే రకంతో నా చేత ఖాళీ చేయిస్తారా" అని అడగండి. లేదంటే ఇంకో చోటు చూసుకోండి.