పదిహేను రోజుల తర్వాత ఎవరు చూడాలి?

ఆరోగ్య పథకాల మీద మన చర్చంతా ఒకే అంకె చుట్టూ తిరుగుతోంది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో 25 లక్షలు చేసింది. ఆయుష్మాన్ భారత్‌లో అది 5 లక్షలు. ఎవరిది గొప్ప పథకమని అప్పట్నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం. నోటి క్యాన్సర్ చికిత్స పూర్తిచేసుకుని ఇంటికొచ్చిన మనిషికి ఈ లక్షల లెక్కతో పనిలేదు. అతని బతుకును తేల్చే అంకె 15. ఆయుష్మాన్ భారత్ నిబంధన ప్రకారం డిశ్చార్జి అయ్యాక మందులకూ పరీక్షలకూ పథకం పూచీపడేది 15 రోజులే. ఆ తర్వాత తన దారి తను చూసుకోవాలి.

ఈ 15 రోజుల పక్కన రెండేళ్లను పెట్టి చూడండి. నోటి క్యాన్సర్ తిరగబెట్టే కేసుల్లో అత్యధికం బయటపడేది చికిత్స తర్వాతి మొదటి రెండేళ్లలోనే. క్యాన్సర్ వైద్యులందరికీ తెలిసిన విషయమిది. అందుకే అమెరికాలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి, అయిదో ఏడాది ముగిసేదాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకోసారి రోగిని చూడాలంటున్నాయి. ముప్పు ఉన్నది రెండేళ్లు, పూచీ ఉన్నది 15 రోజులు. ఈ తేడాను పక్కనపెట్టి పరిమితి ఎంత పెంచినా రోగికి ఒరిగేది తక్కువ.

ఇది కొద్దిమంది సమస్య కాదు. ప్రపంచ క్యాన్సర్ గణాంకాలైన గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం దేశంలో ఆ ఏడాది కొత్తగా నోటి క్యాన్సర్ బారినపడినవారు సుమారు 1.43 లక్షల మంది, చనిపోయినవారు దాదాపు 80 వేలు. మన మగవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. అయినా ‘రోగులే మళ్లీ రారు, మన జనానికి అవగాహన లేదు’ అన్న మాట సదస్సుల్లోనూ వ్యాసాల్లోనూ తరచూ వినిపిస్తుంది. ఈ వాదన అన్యాయం. ఇచ్ఛాపురం మనిషి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికీ, ఆసిఫాబాద్ మనిషి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికీ రెండు నెలలకోసారి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. చార్జీలు, స్కానింగుల ఖర్చు వేరు. అంతకష్టపడి వచ్చినా ఏ డాక్టరును కలవాలో చీటీలో ఉండదు. ‘రివ్యూకు రండి’ అని ఉంటుంది. ఎవరి దగ్గరికన్నది రోగే వెతుక్కోవాలి.

ఆ వెతుకులాట తేలిక కాదు. నోటి క్యాన్సర్ తర్వాత కావలసింది ఒక్క డాక్టరు కాదు. నోటినీ మెడనూ వేళ్లతో తడిమి, అనుమానమొస్తే ముక్క పరీక్షకు పంపే సర్జన్ కావాలి. రేడియేషన్ డాక్టరు కావాలి. బిగుసుకున్న దవడకూ, పైకి లేవని భుజానికీ కసరత్తు చేయించేవారు కావాలి. మాటా మింగుడూ మళ్లీ నేర్పే థెరపిస్టు కావాలి. మెడకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవారికి ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్‌నే తీసుకోండి. అంగిలి తీసేశాక తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థంకాదు. ఆ రంధ్రాన్ని మూసే పళ్లెం తయారుచేసి, నోరు మారేకొద్దీ దాన్ని సరిచేసేది కట్టుడు పళ్ల నిపుణుడు. ఆపరేషన్‌కు డబ్బిచ్చిన పథకం ఆ నిపుణుడెక్కడున్నాడో చెప్పదు.

అన్నిటికన్నా ప్రమాదం పన్ను దగ్గరుంది. కరెంటు పెట్టాక లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. నొప్పి తట్టుకోలేక రోగి వీధి చివరి డెంటల్ క్లినిక్‌కు వెళ్తాడు. రేడియేషన్ సంగతి వాళ్లడగరు, చెప్పాలని ఇతనికి తెలియదు. పన్ను పీకేస్తారు. రేడియేషన్ పడిన దవడకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి ఆ గాయం మానకపోవచ్చు, ఎముక చచ్చిపోవచ్చు. క్యాన్సర్ నుంచి బయటపడిన మనిషి మళ్లీ దవడ కోయించుకునే స్థితి ఇలాగే వస్తుంది. ఇందులో రోగి తప్పెంత?

2015లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు ప్రచురించిన అధ్యయనాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. తొలిదశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథుల్ని ముందే తీసినవారిలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. మెడలో గడ్డ కనిపించేదాకా ఆగినవారిలో 67.5 శాతమే. దీన్ని ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు జవాబుగా మాత్రమే చదువుతున్నాం. ఆ రోగులంతా అధ్యయనంలో భాగంగా క్రమం తప్పకుండా డాక్టర్ల కంటి ముందున్నవారు. అంత కనిపెట్టుకుని చూసినచోటే ఆలస్యం అన్ని ప్రాణాలు తీస్తే, 15 రోజుల తర్వాత ఎవరూ చూడని మనిషి మెడలో గడ్డ సంగతి ఏమిటి?

ఇవన్నీ మన దేశంలో సాధ్యమేనా అని అడిగేవారికి క్షయ కార్యక్రమమే జవాబు. మందుల కోర్సు పూర్తయ్యాక కూడా 6, 12, 18, 24 నెలలకు రోగిని మళ్లీ పరీక్షించాలని జాతీయ క్షయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రతి రోగి పేరూ నిక్షయ్ పోర్టల్‌లో ఉంటుంది, బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది. క్షయకు రెండేళ్లు అవసరమని గుర్తించిన ప్రభుత్వమే క్యాన్సర్‌కు 15 రోజులు చాలంటోంది. ఊరు ఒకటే, ఆశా కార్యకర్తా ఒక్కరే.

నిపుణులు తక్కువన్నది నిజం. నెట్‌వర్క్ ఆస్పత్రులకు ప్రభుత్వాలు పడ్డ బకాయిలూ నిజమే. ఆరోగ్యశ్రీలో ఏడాదిపాటు ఫాలోఅప్ ప్యాకేజీలున్నా అవి ఎంపిక చేసిన చికిత్సలకే. కానీ నోటినీ మెడనూ పరీక్షించడానికి కావలసింది వెలుతురు, చేయి, శిక్షణ. జిల్లా వైద్య కళాశాలలోని ఈఎన్‌టీ డాక్టరుకు ఆ శిక్షణ ఇవ్వవచ్చు. పళ్ల సంగతి చూడటానికి హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామంది. కానీ నోటి క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స ఆపరేషన్, రేడియేషన్. ఆ కేంద్రాల్లో కీమో ఎక్కించే మంచాలు వేసినంత మాత్రాన ఈ రోగులకు మేలు జరగదు. అక్కడే వారానికో రోజు ఫాలోఅప్ ఓపీ పెడితే జరుగుతుంది.

కాబట్టి ప్రభుత్వాలను అడగాల్సింది సూటిగా అడగాలి. ప్రతి డిశ్చార్జి చీటీలోనూ రోగి సొంత జిల్లాలో తనను చూసే డాక్టరు పేరు, దంతవైద్యుడి పేరు, తర్వాతి తేదీ రాయాలి. రేడియేషన్ తీసుకున్నారన్న హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ 15 రోజులను రెండేళ్లు చేయాలి, పరీక్షలతోపాటు దారి ఖర్చులూ ఇవ్వాలి. ఆస్పత్రికి చెల్లించే మొత్తంలో కొంత ఆపి, ఆ రోగిని రెండేళ్లూ చూశాకే విడుదల చేయాలి.

పరిమితి పెంచామని హోర్డింగులు పెట్టే నాయకులు ఈ ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: మీ డబ్బుతో ఆపరేషన్ చేయించుకున్న మనిషిని పదహారో రోజున చూసేదెవరు? ఆ పేరు చెప్పలేకపోతే మీరు చేయించింది సగం చికిత్సే. సగం చికిత్సకు ప్రజల సొమ్ముతో పూర్తి బిల్లు కట్టడం ఇక ఆపండి.