పద్దు యంత్రానిది, బాధ్యత ఎవరిది?

పంట అమ్ముకున్న రైతు చేతికి చివరకు వచ్చేది ఒక తక్‌పట్టీ. తూకమెంత, ధర ఎంత, హమాలీ ఎంత, అడ్తి ఎంత అన్నది అందులో గుమాస్తా వేసిన అంకెలే చెప్పవలె. జనగామ, మహబూబాబాద్ మార్కెట్లలోనైనా, భూపాలపల్లి దుకాణాలలోనైనా ఇన్నేళ్లుగా వ్యాపారం ఆ కలం మీదనే నడిచింది.

ఆ కలం ఇప్పుడు చేతులు మారుతున్నది. 2017 జూలై 1న జి.ఎస్.టి. రావడంతో అందులో నమోదైన చిన్న వ్యాపారులకు కూడా కంప్యూటర్ లెక్కతో పని పడింది. 2022 జూన్‌లో దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల లెక్కలను కంప్యూటర్లకెక్కించేందుకు కేంద్ర మంత్రివర్గం రూ. 2,516 కోట్ల పథకాన్ని ఆమోదించింది. తాజాగా కృత్రిమ మేధ వచ్చింది. బిల్లును ఫోటో తీస్తే చాలు, అదే చదివి పద్దు వేస్తుంది. బ్యాంకు ఖాతాతో సరిచూసి, ఒకే బిల్లు రెండుసార్లు పడితే పట్టి చూపుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సైతం తన సభ్యులకు దీనిపై శిక్షణ ఇస్తున్నది.

దీనివలన చిట్టా చూసి ఖాతాలో ఎక్కించే పని తగ్గిపోవుట ఖాయం. బి.కాం. చదివి గుమాస్తా పనినే నమ్ముకున్న పల్లె యువకుల బ్రతుకుదెరువు ఇందులో ఉన్నది. అయితే యంత్రం వేసిన పద్దును తనిఖీ చేసే పని మిగిలే ఉంటుంది. బిల్లులోని 17 క్వింటాళ్లను యంత్రం 11గా చదివితే, ఆ తేడాను పట్టవలసినది మనిషే.

యంత్రం తప్పు చెప్పదనే నమ్మకం ఎంత చేటు తెస్తుందో బ్రిటన్ తపాలా శాఖ ఉదంతం చాటుతున్నది. అక్కడ హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కలో లేని లోటు చూపగా, 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా చిన్న పోస్టాఫీసుల నిర్వాహకులు దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్లారు. 2024లో ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. మన రాష్ట్రంలోనూ కంప్యూటర్ లెక్కను బట్టి లక్షలాది రేషన్ కార్డులు రద్దు కాగా, ఇంటింటి విచారణ జరిపి తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

కనుక కొన్ని జాగ్రత్తలు అవసరం. సహకార సంఘాలలో, మార్కెట్లలో ప్రతి రైతుకు తన లెక్క తెలుగులో, కాగితంపై అందవలె. తప్పు పడితే సరిదిద్దే అధికారి పేరు, గడువు గోడపై వ్రాసి ఉంచవలె. మూడు పట్టణాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో ఈ కొత్త లెక్కల విద్య నేర్పవలె. పాత గుమాస్తాలను ఇంటికి పంపక, తనిఖీ పనికి తర్ఫీదు ఇవ్వవలె.

పట్వారీ దస్తరంలో ఏమున్నదో పట్వారీకే తెలుసునని పల్లె ప్రజలు ఒకనాడు వాపోయేవారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. రైతు చదవలేని, అడగలేని లెక్కతో కంప్యూటర్ పెట్టె మరో పట్వారీ కాకూడదు. ఈ విషయమై జిల్లా అధికారులు, సంఘాల పాలకవర్గాలు ఇప్పుడే మేల్కొనుట మంచిది.