ఉగాది పంక్తికి గడ్డకట్టిన డబ్బాలా?

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక చూసుకుని చదవండి. కానీ ఆదివారం మీటింగుకు ముందే చదవండి.

పోయిన కమిటీ మీటింగులో ఒక మాట వచ్చింది. ఈ ఉగాదికి వంటవాళ్లను పిలవొద్దు, ఆకులు వేయొద్దు, ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా ఇస్తామంటున్న ఫ్రోజెన్ భోజనం డబ్బాలు తలా ఒకటి ఇచ్చేద్దాం అని. హాల్లో రెండు మైక్రోవేవ్‌లు కూడా వాళ్లే పెడతారట. వేదిక వెనక వాళ్ల బ్యానర్ కట్టాలట. అందరూ తల ఊపారు. అబద్ధం ఎందుకు, మేమూ ఊపాం. ఇంటికొచ్చాక సిగ్గేసింది. తినకుండా తిట్టకూడదు, తినకుండా తల ఊపనూ కూడదు. మర్నాడే సూపర్ మార్కెట్‌కు పోయి ఆ డబ్బాలు మూడు కొనుక్కొచ్చాం.

కంపెనీ పేరు రాయం. మా గొడవ కంపెనీతో కాదు, మనతోనే. ఇక్కడ మేము అంటే మా ఇంట్లో ఇద్దరం, కింది పోర్షన్ తమిళవాళ్ల అబ్బాయి, మూడో అంతస్తు పెద్దమ్మ.

డబ్బా మీద బొమ్మ బాగుంది. పేరు 'ఆంధ్రా కంఫర్ట్ బౌల్'. ఒక పక్క ముద్దపప్పు అన్నం, దాని మీద ఆవకాయ వేసిన చీజు సాసు, ఇంకో పక్క మాకరోనీ. అమెరికావాళ్లు చిన్నప్పటినుంచి తినే మాక్ అండ్ చీజ్, మనం చిన్నప్పటినుంచి తినే పప్పన్నం, రెండూ ఒకే గిన్నెలో. రెండు దేశాల పిల్లలకు అమ్మ గుర్తొచ్చే తిండి కదా, కలిపితే రెట్టింపు గుర్తొస్తుందని ఎవరో లెక్క వేసినట్టున్నారు.

ఉన్నమాట చెప్పాలి. అంత ఘోరంగా లేదు. చీజులో ఆవకాయ పులుపు తగిలితే మొదటి రెండు ముద్దలు నాలుక్కి తమాషాగానే ఉంది. కింది ఇంటి అబ్బాయి గిన్నె నాకేశాడు. మూడో ముద్దకు మాకు విషయం అర్థమైంది. పప్పు, చీజు, మాకరోనీ మూడూ ఒకటే మెత్తన. పళ్లకు పని లేదు. ఆవకాయలో టెంక లేదు, ముక్క లేదు, ఎర్ర నూనె ఉంది. నెయ్యి వాసన వస్తుంది, నెయ్యి కనపడదు. పదార్థాల పట్టీ చదివాం. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలని రూలు. మామిడికాయ ఎక్కడుందో వెతకడానికి కళ్లజోడు మార్చాల్సి వచ్చింది. ఉప్పు లెక్క కూడా చూశాం. పెద్దవాళ్లకు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ ఒక్క గిన్నెలోనే దాదాపు సగం అయిపోయింది. మన సంఘంలో బీపీ మాత్ర వేసుకోని పెద్దవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

ఒక్క సంగతికి మాత్రం నవ్వు ఆగలేదు. ఆవకాయ ఎందుకు పుట్టింది? ఫ్రిజ్ లేని రోజుల్లో వేసవికాయను ఏడాదంతా తినడానికి పుట్టింది. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, ఈ నాలుగే దానికి కాపలా. పొయ్యి కూడా అక్కర్లేదు. అలాంటి ఆవకాయను తీసుకుపోయి మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టించి, 'తాజాదనం భద్రం' అని డబ్బా మీద రాశారు. ఈతగాడికి గాలి ట్యూబు కట్టినట్టుంది.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు, ఒంటరిగా ఉంటుంది. కొడుకు దేశం బయట ఉన్నాడు. ఆమెకు ఒక డబ్బా ఇచ్చి, ఎలా ఉందో చెప్పమన్నాం. సాయంత్రం వెళ్లి చూస్తే ఆ ప్లాస్టిక్ తట్టను ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి పట్టింది. తట్ట వంగిపోయి అన్నమంతా నీళ్లలో పడింది. 'నాకు చదవడం రాక కాదు నాయనా, అందులో నాకొచ్చిన అక్షరం ఒక్కటీ లేదు' అంది. తీసి చూశాం. నిజమే. వేడిచేసే పద్ధతి ఇంగ్లీషులో, హిందీలో ఉంది. పేరులో ఆంధ్రా ఉంది, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఆహార భద్రతా నిబంధన ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. దానితోపాటు ఇంకో భాష వేసుకోవచ్చు, వద్దని ఎవరూ అనలేదు. మన వంట అమ్ముకోవడానికి పనికొచ్చింది, మన అక్షరం పనికిరాలేదు. పెద్దమ్మ ఆ రాత్రి మజ్జిగన్నం తిని పడుకుంది.

ఇక్కడిదాకా చదివి కొందరు చప్పట్లు కొడతారు. 'కరెక్టుగా చెప్పారు, కల్తీ తిండి, మన సంస్కృతి నాశనం' అని కామెంట్లు పెడతారు. ఆగండి. మీతో కూడా మాకు గొడవ ఉంది.

కలపడం తప్పని మేము అనం. అనే అర్హత ఈ ఊళ్లో ఎవరికీ లేదు, మనకు అసలే లేదు. సైదాపేట వడకర్రీ చూడండి, మిగిలిన మసాలా వడలను చిదిపి కూరలో వేసినదే. సౌకార్‌పేట మింట్ వీధిలో మురుకుల మధ్య కూరముక్కలు, చట్నీ పెట్టి శాండ్‌విచ్ అని అమ్ముతారు, క్యూలో నిలబడి తింటాం. బీచ్ స్టేషన్ దగ్గర తోపుడు బండి మీద అమ్మే 'అతో' ఎక్కడిది? బర్మాది. 1962లో అక్కడ సైన్యం అధికారం పట్టాక ఉన్నదంతా పోగొట్టుకుని ఓడలెక్కి వచ్చినవాళ్లు తెచ్చిన నూడుల్సు అవి. ఇక్కడి చింతపండు, ఉల్లిపాయ వేపుడు కలిసి, పక్కన అరటిదూట సూపు పెట్టుకుని మద్రాసు తిండి అయ్యాయి. అలా వచ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరే అందుకు సాక్షి.

ఉగాది పచ్చడి మాత్రం ఏమిటి? ఆరు రుచులు కలిపినదే. ఏప్రిల్‌లో తమిళవాళ్ల పుత్తాండుకు చేసే మాంగా పచ్చడిలోనూ మామిడికాయ, బెల్లం, వేపపువ్వు ఉంటాయి. ఏళ్ల తరబడి మన గిన్నె వాళ్లింటికి, వాళ్ల గిన్నె మనింటికి తిరిగింది. మన మాట కూడా అంతే. మా తరంలో చాలామందిమి తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఉద్యోగంలో చేరాక గూడూరు లైనులో సూళ్లూరుపేట, నాయుడుపేట బోర్డులు చూసి, పక్కనున్న ఇంగ్లీషుతో సరిచూసుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నాం. ఈ పోస్టులో తప్పులుంటే ఆ బోర్డుల మీద వేయండి. అలాంటి మేము స్వచ్ఛత గురించి ఉపన్యాసం ఇస్తే నవ్విపోతారు.

మరి ఆ కలపడానికీ ఈ కలపడానికీ తేడా ఏమిటి? అతో వెనక ఒక మనిషి ఉన్నాడు. ఊరు పోయినవాడు, పొట్ట నింపుకోవాల్సినవాడు. మాంగా పచ్చడి వెనక గోడ మీదుగా గిన్నె అందించిన పక్కింటావిడ ఉంది. ఈ డబ్బా వెనక ఎవరున్నారు? పప్పన్నం తిని పెరిగినవాడు చేసి ఉంటే ఆవకాయలో ముక్క లేకుండా వదిలేవాడా?

ఇంకో మాట. ఫ్రోజెన్ తిండి తినేవాళ్లను మేము తప్పు పట్టం. ఓఎంఆర్‌లో పని ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే కోడలు ఒక డబ్బా వేడి చేసుకుంటే తప్పేమిటి? మా ఫ్రిజ్‌లోనూ కొన్న దోసెపిండి ఉంది, ఫ్రోజెన్ బఠాణీ ఉంది, పరోటా ప్యాకెట్టు ఉంది. 'మా అమ్మ చేతి వంట ఎక్కడ' అని గ్రూపులో కన్నీళ్లు పెట్టుకునే మగవాళ్లను ఒకటి అడుగుతాం. మీ అమ్మ వండుతుంటే మీరు ఉల్లిపాయ తరిగారా? తిన్న పళ్లెం కడిగారా? మేము మాత్రం చేయలేదు. ఆఫీసు టిఫిన్ డబ్బా తీసుకుపోయాం, ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చాం, అంతే. రిటైరయ్యాకే తెలిసింది, పప్పు మెత్తగా ఎనపడం కూడా పనేనని. వంట పోయిందని ఏడవదలచుకున్నవాడు ముందు గరిట పట్టాలి.

కాబట్టి ఎవరి ఇంట్లో వారు ఏం తిన్నా మాకు అభ్యంతరం లేదు. మా పోరు ఒక్క రోజు గురించి, ఉగాది రోజు గురించి.

ఆ రోజు పంక్తిలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన పిల్లలు బళ్లో తెలుగు చదవరు. 2006లో తమిళం చదువు చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం మీద మాకు కోపం లేదు, మాకు బువ్వ పెట్టిన భాష అది. కానీ మిగిలిన కొద్ది గంటలు ఇంగ్లీషుకు, హిందీకి పోతున్నాయి. ఇంట్లోనూ తల్లిదండ్రులు తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. అలాంటి పిల్లల చేతికి ఏడాదికొకసారి మనం పులిహోర బేసిన్ ఇస్తాం. 'తాతా, ఇంకొంచెం వేయనా?' అని వాళ్లు అడగాలి. 'చాలమ్మా', 'కాస్త ఆగు నాన్నా', 'పప్పు మారు తీసుకురా', 'నెయ్యి ఇటు రాలేదు' అని మనం అనాలి. వడ్డన, మారు, విస్తరి, పంక్తి. ఈ మాటలు ఏ యాప్‌లోనూ నేర్పరు. వంగి వడ్డించినవాడికే వస్తాయి. పోయిన ఉగాదికి ఒక ఎనిమిదేళ్ల పిల్ల మా ముందుకొచ్చి 'రసం మీకు పడనా?' అంది. పంక్తి అంతా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. తర్వాతి ఆకు దగ్గర 'పోయనా?' అని సరిగ్గా అంది. మన సంఘం ఏడాదంతా చేసే పనిలో ఇంతకంటే పెద్దది ఏముందో చెప్పండి.

డబ్బా ఇచ్చి పంపితే ఆ పిల్లకు ఎవరితో ఏం మాట్లాడే పని ఉంటుంది? మైక్రోవేవ్ దగ్గర వరసలో నిలబడాలి. గంట మోగితే తీసుకోవాలి. ఫోను చూస్తూ తినాలి. పెద్దమ్మ లాంటివాళ్లు సంగీతం కోసమో సన్మానం కోసమో రారు. తన ఆకు ముందు ఒకరు ఆగి 'ఇంకేం కావాలి' అని అడిగే ఆ రెండు నిమిషాల కోసం బస్సెక్కి వస్తారు. ఒంటరిగా డబ్బా తినడం వాళ్లకు మిగతా రోజులన్నీ ఉంది. పండగనాడు పిలిచి మళ్లీ అదే చేతిలో పెడతామా?

2023 డిసెంబర్ గుర్తుందా? మిచౌంగ్ తుఫానుకు మన ఉత్తర చెన్నై పేటలన్నీ నీళ్లలో ఉన్నాయి. మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. మొదటి రోజే ఫ్రిజ్‌లన్నీ చచ్చాయి. ఫ్రీజర్లో దాచుకున్నవన్నీ కారిపోయి వాసన వచ్చి పారేశాం. రెండో రోజు మధ్యాహ్నం ఎవరింట్లో గ్యాసు ఉందో వాళ్లు గ్యాసు, ఎవరింట్లో బియ్యం ఉందో వాళ్లు బియ్యం మేడ మీదికి తెచ్చారు. కింది ఇంటివాళ్లు రసం పెట్టారు. ఎదురింటి మార్వాడీవాళ్లు అప్పడాలు కాల్చారు. మా ఇంటినుంచి ఆవకాయ జాడీ పోయింది. దానికి కరెంటుతో ఏం పని? అన్నం, రసం, అప్పడం, ఆవకాయ, మూడు ఇళ్ల తిండి ఒక ఆకులో. కంఫర్ట్ ఫుడ్ అనే మాట మాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు కానీ, పెద్దమ్మ రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది.

కమిటీవాళ్ల కష్టం మాకు తెలుసు. వంటవాళ్ల రేటు పెరిగింది. హాలు అద్దె పెరిగింది. గిన్నెలు తోమడానికి మనుషులు దొరకడం లేదు. ఊరికే వద్దంటే సరిపోదు, కాబట్టి మా మాట ఇది.

వంటకాలు తగ్గిద్దాం. పదహారు రకాలు ఎందుకు? ఉగాది పచ్చడి, పులిహోర, ముద్దపప్పు, ఒక కూర, రసం, మజ్జిగ, ఒక తీపి. చాలు. కూరగాయలు మేము కొనుక్కొస్తాం. ముందురోజు సాయంత్రం హాల్లో తరుగుడు పని. అరవై దాటిన మగవాళ్లందరూ కత్తిపీటలతో రావాలి. రానివాళ్లకు మర్నాడు గిన్నెల పని. ఒక్కో ఇంటినుంచి ఒక చిన్న సీసా ఆవకాయ. ఎవరిది బాగుందని పోటీ పెట్టినా సరే. పిల్లలందరికీ వడ్డన డ్యూటీ. పెద్దమ్మలను, తాతలను తీసుకొచ్చి దింపే బాధ్యత బండి ఉన్నవాళ్లది.

కంపెనీవాళ్లకు కూడా మర్యాదగా జవాబు రాద్దాం. మీ డబ్బాలు వద్దు, నిజంగా మాకు సాయం చేయాలని ఉంటే ఆ డబ్బా మీద నాలుగు లైన్లు తెలుగులో, నాలుగు లైన్లు తమిళంలో అచ్చువేయండి, మా పెద్దమ్మ చదువుకుని వేడి చేసుకుంటుంది అని.

మూడో డబ్బా ఇంకా మా ఫ్రీజర్లోనే ఉంది. ఆదివారం మీటింగుకు తెస్తాం. డబ్బాలకు ఓటు వేసేవాళ్లు ముందు అందరి ఎదుటా ఒక గిన్నె పూర్తిగా తిని, ఆ తర్వాత చెయ్యెత్తండి.

తరుగుడు పనికి పేర్లు ఇవ్వదలచినవారు కింద రాయండి. మొదటి పేరు మాదే. మా కత్తిపీటకు సాన పెట్టించి ఉంచాం.