కలిపే చేతికి వెల కట్టరా?



బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో, సిమెంటు లేకుండానే, కాంక్రీటు పోయవచ్చును. దీనినే జియోపాలిమర్ అంటున్నారు. ఢిల్లీకి బూడిద కొత్త కాదు. బదర్‌పూర్ కేంద్రం 2018 అక్టోబరులో మూతపడినది గాని, దాద్రి, ఝజ్జర్ పొయ్యిలు నేటికీ మండుతూనే ఉన్నవి. ఆ బూడిద ఇటుకగా, పలకగా మారటాన్ని మనం స్వాగతిస్తున్నాము.

మన అభ్యంతరం వేరు. 'ఉత్తమ మిశ్రమం' అనగా ఏమి? పరిశోధకుడు బలం కొలుస్తాడు. గుత్తేదారు ఖర్చు కొలుస్తాడు. 2021 డిసెంబరు 31 నాటి ప్రభుత్వ ప్రకటన వినియోగించని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పరిహారం విధించినది. బూడిదకు వెల కట్టారు. దానిని కలిపే చేతికి కట్టలేదు!

బూడిద తనంతట తాను గట్టిపడదు. అందులోని సిలికాను, అల్యూమినాను కరిగించటానికి కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ కావాలి. ప్రయోగశాలలలో తరచు వాడే గాఢత 8 నుండి 14 మోలార్లు. అనగా లీటరు ద్రావణంలో 320 నుండి 560 గ్రాముల కాస్టిక్ సోడా. అది చర్మాన్ని కాలుస్తుంది. కంట పడితే చూపు పోవచ్చు. మామూలు సిమెంటుకే కూలీల వేళ్లు ఒరిసిపోవటం మనం ఎరుగుదుము. రైలుపెట్టెల బ్యాటరీలలో ఆమ్లం పోసే సోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

గత్యంతరం లేదంటారు. ఉన్నది! ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగు తగుపాళ్లలో చేర్చితే తక్కువ క్షారంతో, ఆవిరి వేడి లేకుండానే మిశ్రమం గట్టిపడుతుంది. స్లాగు మితిమీరితే త్వరగా బిగుసుకొని బీటలు వారుతుంది. పాళ్లు కుదర్చటంలోనే ఉన్నది విద్య. కాని ఢిల్లీ చుట్టుపక్కల పెద్ద ఉక్కు కర్మాగారాలు లేవు. స్లాగు దూరం నుండి మన గూడ్సు బండ్లలో రావాలి. ఆ కిరాయి మిగుల్చుకొనటానికి క్షారం పెంచటం పొదుపు కాదు; కూలీ చర్మం మీద విధించిన పన్ను.

భారత ప్రమాణాల సంస్థ 2020లో వెలువరించిన ఐ.ఎస్. 17452 మార్గదర్శకాలు ముందుగా పోతపోసి తెచ్చే వస్తువులకు ఉద్దేశించినవి. మన డిమాండు కూడా ఆ దారిలోనిదే. రైల్వే క్వార్టర్లకు, తపాలా భవనాలకు ఈ సరుకు కొనే ప్రతి టెండరులోను మూడు షరతులు ఉండాలి: కావలసిన బలానికి చాలినంత క్షారమే వాడాలి, పనిస్థలంలో బకెట్లతో గాక కర్మాగారంలో యంత్రంతోనే కలపాలి, చేతి తొడుగులు, కళ్లద్దాలు, దగ్గరలో పారే నీరు తప్పక ఉండాలి.

కాంట్రాక్టు కూలీ మన సభ్యుడు కాడని తప్పుకొనటం సంఘధర్మం కాదు. ఒకని కంటిచూపు తీసుకొని లేచిన గోడ ఎంత గట్టిదైనా, దాని నీడన మనం కాపురముండలేము.