మీ లాప్‌టాప్ గవాహి చెల్లదు భాయ్

"నా లాప్‌టాప్‌లో బరాబర్ నడుస్తోంది కదా!" సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లల నోట ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు గుస్సా వస్తుంది. ఒకప్పుడు ఇదే జవాబు నేను మా ఖాలాకి ఇచ్చాను కాబట్టి.

ఉర్దూ లఫ్జ్ కొడితే తెలుగు మాట చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో రాసి, కోడ్‌తో సహా అందరికీ ముఫ్త్‌గా పెట్టాను. ఖాలాది ఉర్దూ చదువు, ఆమె మనవరాళ్లది తెలుగు మీడియం. వాళ్లకి పనికొస్తుందని నా ఖ్వాహిష్. నా లినక్స్‌లో మజాగా నడిచింది. ఖాలా ఇంట్లో విండోస్ మీద తెరవగానే ఆగిపోయింది. "నాకే చేతకాలేదేమో బేటా" అంది. గల్తీ నాది, షర్మ్ ఆమెకి!

సంగతేంటంటే, ఫైల్‌లోని అక్షరాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నాయని నేను కోడ్‌లో చెప్పలేదు. చెప్పకపోయినా లినక్స్ సర్దుకుంది. విండోస్‌లో పైథాన్ మాత్రం సీపీ1252 అనే పాత పద్ధతిలో చదవబోయింది. తెలుగు పొల్లులోని ఒక బైట్‌కి ఆ పద్ధతిలో అక్షరమే లేదు. అక్కడే ఖతం. ఒక్క మాట చేరిస్తే బాగయ్యే తప్పు, నెలల తరబడి నాకు కనపడలేదు.

దీనికి ఇలాజ్ ఉంది. కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అంటారు. కోడ్ మార్చి పంపిన ప్రతిసారీ ఎక్కడో సర్వర్లలో కొత్త మిషన్లు లేచి, మన పరీక్షలన్నీ నడిపి, పాసో ఫెయిలో చెప్తాయి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో పబ్లిక్ ప్రాజెక్టులకి మామూలు మిషన్లు ముఫ్త్. ఉబుంటు, విండోస్, మాక్‌ఓఎస్ అని మూడు పేర్లు రాస్తే మూడింటి మీదా నడుస్తుంది. విండోస్ కొనే తాహత్ లేదనే బహానా ఇక చెల్లదు.

కానీ పరీక్షలో ఇంగ్లిష్ అక్షరాలే పెడితే మూడు మిషన్లూ పచ్చ టిక్కే చూపిస్తాయి. మన అమ్మీలు, ఖాలాలు కొట్టే లఫ్జ్‌లే అందులో పెట్టాలి.

"ముఫ్త్ సర్వీసు రేపు ఆగిపోతే?" అంటారు కొందరు. సవాల్ సహీ. 2011లో బెర్లిన్‌లో మొదలైన ట్రావిస్ సీఐ ఏళ్ల తరబడి ఓపెన్ సోర్స్‌కి ముఫ్త్‌గా పనిచేసింది. 2020 నవంబర్‌లో హిసాబ్ మార్చింది, ఎందరో ప్రాజెక్టులు మూటా ముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. అందుకని పరీక్షలు మానేస్తామా? వాటిని నడిపే స్క్రిప్ట్ మన ప్రాజెక్టులోనే ఉంచుకుని, సర్వీసుకి "దీన్ని నడుపు" అని మాత్రం చెప్పాలి. ఇల్లు మారినా సామాను మనదే.

"ఊరికే ఇస్తున్నాం, మా మీద జిమ్మేదారి ఏంటి?" అనేవాళ్లకి నా జవాబు ఒకటే. ముఫ్త్‌గా పెట్టినా సరే, దావత్‌కి వచ్చినవాళ్లకి ఉడకని బిర్యానీ పెడతామా?

మీ ఇంట్లో ప్రోగ్రామ్‌లు రాసే పిల్లలుంటే ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర అడగండి: "బేటా, విండోస్‌లో నడిపి చూశావా? తెలుగు, ఉర్దూ పెట్టి చూశావా?"